కుల్చా గుర్తు జెండా: దీవెనకు ఉన్న హద్దు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం 1800లో ఈస్టిండియా కంపెనీ వశమై దత్తమండలాలలో చేరేవరకు హైదరాబాదు నిజాములైన ఆసఫ్‌జాహీల ఏలుబడి ఎరిగినదే. నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్‌కు ఆదోని జాగీరు. ఆ వంశపు పసుపు జెండా నడుమనున్న తెల్లని వలయం కుల్చా, అనగా గుండ్రని రొట్టె. వంశకర్త ఖమ్రుద్దీన్ ఖాన్ ఒక సూఫీ సాధువు పెట్టిన కుల్చాలలో ఏడింటిని ఆరగించగా, అతని సంతతి ఏడు తరాలు ఏలునని సాధువు పలికెనని ఐతిహ్యం.

దైవానుగ్రహం రాజ్యాధికారానికి ఆధారమా, హద్దా అన్న ప్రశ్నకు ఈ జెండా తనకు తెలియకుండానే రెండవ జవాబు ఇస్తుంది. ఎందుకనగా ఏడు తరాల వరమంటే ఎనిమిదవ తరానికి లేదనే. ఇక లెక్క మాటకొస్తే, 1748 నుండి 1762 వరకు ఏలిన నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్‌లను కలిపితే పాలకులు పదిమంది; తరాలుగా చూస్తే మాత్రం చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడవవాడే. అయితే జోస్యాన్ని నెరవేర్చినది 1948 సెప్టెంబరులో హైదరాబాదుపై సాగిన భారత సైనిక చర్య గాని, రొట్టెల సంఖ్య కాదు. ఆదోని మాత్రం రెండవ తరంలోనే చేజారింది.