నేల మోత

కంబోడియాలో మందుపాతరలు వెతికేవారు పనిలో దిగేముందు డిటెక్టరును అక్కడి నేలకు సరిచేసుకుంటారు. లోహం లేదని తేలిన చోట దాన్ని ఎత్తుతూ దించుతూ, మట్టి వల్ల వచ్చే మోత అణిగేదాకా బిగింపు మారుస్తారు. ఆ ఎర్రటి లాటరైటు మట్టిలో ఇనుప ఆక్సైడులెక్కువ. సరిచేయకపోతే వట్టి మట్టే మందుపాతరలా అరుస్తుంది. అలాగని యంత్రం చురుకుదనాన్ని మరీ తగ్గిస్తే అంతా నిశ్శబ్దమే. గోరంత లోహమున్న పాతర ఆ నిశ్శబ్దంలోనే దాగుతుంది. అందుకే తెలిసిన లోహపు ముక్కను చూపి, యంత్రం పలుకుతుందో లేదో పరీక్షిస్తారు. నేల మారితే మళ్లీ మొదటికే.

మనుషుల్ని తూచటంలో మనకీపాటి ఓపిక ఉందా? హోసూరు తెలుగునూ బరంపురం తెలుగునూ ఒకే బిగింపుతో విని 'తప్పు' అనేవారు నేల మోతను దోషమనుకుంటున్నారు. ఇది మన ఫిర్యాదు, న్యాయమైనదే. మరి మన సంగతి? కట్నాన్నీ కులపు ఎడాన్నీ 'మా వైపు ఆచారమంతే' అని సర్దుకున్నప్పుడు, మనమూ చురుకుదనం తగ్గించుకున్నవాళ్లమే కదా!

నేలను మన్నించటం వేరు, నేలలో పాతిపెట్టినదాన్ని మన్నించటం వేరు. ఏమీ వినబడటం లేదంటే ఏమీ లేదని కాదు. మన చెవి ఇంకా పలుకుతోందో లేదో చూసుకున్నాకే అడుగు వెయ్యాలి. ఎందుకంటే వెనక పిల్లలు నడిచివస్తున్నారు.