సుడిగాలి ఎవరికి శిక్ష?

2011 ఏప్రిల్ 27న అమెరికాలో టోర్నడోలనే సుడిగాలులు విరుచుకుపడ్డాయి. ఒక్క అలబామా రాష్ట్రంలోనే 200 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి వార్త విన్నప్పుడల్లా "అల్లాహ్ అజాబ్ దిగింది" అనే మాట మన ఇళ్ళలో తేలిగ్గా వచ్చేస్తుంది. మేమూ ఒకప్పుడు అన్నవాళ్ళమే.

మరి సాటూరియాను ఏమనాలి? అది బంగ్లాదేశ్‌లోని మానిక్‌గంజ్ జిల్లాలో ఉంది. 1989 ఏప్రిల్ 26, రమజాన్ మాసం. నెలల తరబడి వానలు లేవు. సాయంత్రం సుమారు 6:30 గంటలు, ఇంచుమించు ఇఫ్తార్ వేళ. సుడిగాలి దాదాపు 1300 మందిని పొట్టన పెట్టుకుంది. 80 వేల మందికి నిలువ నీడ లేకుండా పోయింది. ఉపవాసం ఉన్నవారిని అల్లాహ్ శిక్షించాడందామా? నోరు రాదు. ఇక్కడ రాని నోరు అలబామా విషయంలో ఎలా వచ్చింది?

ఆద్ జాతి మబ్బును చూసి వాన అనుకుంది, అందులో శిక్ష ఉంది. నిజమే. కాని అది శిక్ష అని మనకు తెలిసింది ఖుర్ఆన్ ద్వారా. ఫలానా ఊరి మీద పడింది శిక్షేనని చెప్పడానికి ఈనాడు మనకు వహీ వస్తోందా?

మబ్బు కమ్మితే దైవప్రవక్త (స) ముఖవర్ణం మారిపోయేదని, ఆందోళనతో ఇంట్లోకీ బయటికీ తిరిగేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ భయం పొరుగూరి వారి పాపాలను తలచుకొని కాదు, తన ముందున్న ప్రజల గురించి. కూలిన గోడ కింద ప్రాణం విడిచిన విశ్వాసిని షహీదుల్లో లెక్కించింది కూడా ఆయనే. సాటూరియాలో ఆ సాయంత్రం కూలిన ఇళ్ళు ఎన్నో!