ఇండికేటరూ సత్యవ్రతమూ
ఇండికేటరు వెయ్యడం మాట్లాడటమే. తిరగబోయే మలుపు ఇంకా రోడ్డు మీదికి రాలేదు, డ్రైవరు మనసులోనే ఉంది. దాన్ని వెనకవాడికీ ఎదుటివాడికీ నడిచిపోయేవాడికీ చేరవెయ్యడమే ఆ లైటు పని. మాట అన్నాక సత్యాసత్యాల ప్రశ్న తప్పదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 121వ సెక్షన్ డ్రైవరును సంకేతాలు ఇమ్మంటుంది. ఇచ్చిన సంకేతం ఎప్పుడు సత్యమవుతుందన్నది తేల్చుకోవడానికి మాత్రం యోగశాస్త్రమే ఎక్కువ పనికొస్తుంది.

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన యమాల్లో, అంటే పాటించాల్సిన నియంత్రణల్లో, సత్యం రెండోది. మనసూ మాటా రెండూ ఉన్నదున్నట్టు నడవడమే సత్యమని ఆ సూత్రాలకు వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం అంటుంది, అయితే అక్కడితో ఆగదు. తనకు తెలిసినది ఎదుటివాడికి చేర్చడానికే మాట పుట్టింది కనుక, అందులో మోసం ఉన్నా, పొరపాటు ఉన్నా, విన్నవాడికి అది ఏమీ అందించకపోయినా సత్యం అనిపించుకోదట. ఈ మూడో షరతే రోడ్డు మీద ఎక్కువగా గాలికి పోతుంది.

కుడి లైటు వేసి కావాలని ఎడమకు తిప్పేవాళ్లు అరుదు. భాష్యానికి వ్యాఖ్య రాసిన వాచస్పతి మిశ్రుడు మోసపు మాటకు ధర్మరాజు ద్రోణుడికిచ్చిన జవాబునే ఉదాహరణగా చూపాడు. రోడ్ల మీద అంత పని చేసేవాడు దాదాపు కనబడడు. పొరపాట్లకు మాత్రం కొదవ లేదు. కారులో స్టీరింగు తిన్నబడగానే ఇండికేటరు తనంతట తానే ఆగిపోతుంది. మన బైకుల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు, ఎడమ బొటనవేలితో స్విచ్చి నొక్కి ఆపాలి. అది మర్చిపోతే మలుపు దాటి ఎంత దూరం పోయినా లైటు కొట్టుకుంటూనే ఉంటుంది. సందు చివర ఆగి ఉన్నవాడు అది చూసి, బండి ఇటే తిరుగుతుందిలే అనుకుని ముందుకొస్తాడు. నడిపేవాడికి అబద్ధమాడే ఉద్దేశం లేకపోయినా, మనసులోంచి మలుపు పోయాక లైటు మిగిలింది కనుక భాష్యం లెక్కలో అది అసత్యమే.

మరి లైటు వేశాక మనసు మార్చుకోవచ్చా? కొన్ని మాటలు ఉన్న సంగతిని చెప్పవు, వాటిని పలకడమే ఒక పని చెయ్యడం అవుతుందని తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో చూపించాడు. మాట ఇవ్వడం ఆ కోవలోది. ఇండికేటరు మొదట్లో ఉద్దేశాన్ని తెలిపేదే తప్ప ఇచ్చిన మాట కాదు, కాబట్టి ఆపేసి తిన్నగా పోవచ్చు. కాకపోతే అవతలివాడు దాన్ని నమ్మి బండి కదిల్చాడంటే అది ఇచ్చిన మాటే అయిపోతుంది.

ఇక అందని మాటలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకుంటుంది. తిప్పేముందు ఒక్క సెకను వేస్తే వెనకవాడికి కనబడేది ఒకటి రెండు మెరుపులే. అది చూసి అర్థం చేసుకుని బ్రేకు తొక్కేలోగా మలుపు అయిపోతుంది. మరీ ముందుగా వేసినా చిక్కే. పక్కపక్కన రెండు సందులున్నచోట మొదటి సందుకు ముందే వేసిన లైటు ఏ సందుకో తెలియదు. రెండోదానిలోకి తిరిగేవాడు మొదటిది దాటుతుండగా వెయ్యడమే సరైనది.

హైవే మీద లారీ కుడి ఇండికేటరు ఇంకా పెద్ద చిక్కు. కుడికి తిరుగుతున్నానని ఒకరు వేస్తారు, ఓవర్‌టేక్ చేసుకోమని మరొకరు వేస్తారు. తప్పుగా చదివినవాడు లారీ తిరిగే వైపుకే దూసుకెళ్తాడు. వినేవాడికి తెలియని భాషలో మాట్లాడటాన్ని వాచస్పతి అందని మాటకు ఉదాహరణగా చెప్పాడు. చౌరస్తాలో తిన్నగా పోతున్నానని నాలుగు లైట్లూ వేసేవాళ్లదీ అదే తప్పు. పక్క నుంచి చూసేవాడికి వాటిలో ఒకవైపువే కనబడి, ఆ బండి తిరుగుతున్నట్టే ఉంటుంది.

చూసేవాడికీ బాధ్యత ఉంది. ఆప్తుడి మాట ప్రమాణమని న్యాయదర్శనం చెబుతుంది. స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నట్టు చెప్పాలనుకునేవాడు ఎవడైనా ఆప్తుడేనని, ఋషికీ మ్లేచ్ఛుడికీ ఒకటే లక్షణమని ఆ దర్శన సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు అంటాడు. ముందు బండి నడిపేవాడు అలాంటివాడో కాదో వెనకవాడికి తెలిసే వీలు లేదు. అందుకే శబ్దానికి, అంటే ఆ మాటకు, అనుమానాన్ని, అంటే గుర్తులు చూసి ఊహించడాన్ని, తోడు చేసుకోవాలి. వేగం తగ్గిందా, ముందు చక్రం తిరిగిందా, బండి అంచుకు జరిగిందా చూశాకే కదలాలి. అటు లైటు వేసినవాడికీ దానితో దారి హక్కు రాదు. అద్దం చూసుకుని లైటు వెయ్యాలి, తిప్పేముందు మళ్లీ చూడాలి.

ఎవరూ లేని రోడ్డు మీద సంగతేమిటి? యమాలను దేశకాలాలకు కట్టుబడని మహావ్రతాలుగా యోగసూత్రాలు చెబుతాయి కనుక లైటు తప్పనిసరి అనిపిస్తుంది. కానీ భాష్యం లెక్కలో మాట మరొకరికి తెలపడానికి. మరొకరు లేనప్పుడు మౌనం అసత్యం కాదు. నిజంగా ఎవరూ లేకపోతే లైటు వెయ్యని డ్రైవరు అబద్ధమాడినట్టు కాదన్నమాట. చిక్కల్లా ‘ఎవరూ లేరు’ అన్న తీర్పుతోనే. ఆ తీర్పు ఇచ్చేది అద్దం. భుజం వెనక కొంత మేర అందులో పడదు, లైటు లేని సైకిలూ రాత్రిపూట పడదు. ఆ తీర్పు పొరపాటైతే మౌనం కూడా పొరపాటే అవుతుంది.