వినేవాడి జాడ

ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో సాగే సూఫీ భక్తిగానం కవ్వాలీ బయటి నుంచి వచ్చిన పరిశోధకులకు నిజంగా అందుతుందా? చెవులుంటే చాలదు, గురి ఉండాలంటారు భక్తులు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రెగులా కురేషీ కృషిలో కొంత భాగం ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. 1986లో వెలువడిన ఆమె గ్రంథం ప్రకారం, కవ్వాలీ పాడే కవ్వాల్ ముందే కట్టుకొచ్చిన పాటను అప్పజెప్పి వెళ్లడు. ఎదుట కూర్చున్నవారిలో ఎవరు చలించారో, ఎవరు లేచి నజరానా సమర్పించారో కనిపెడుతూ, ఏ మాట దగ్గర నిలవాలో, ఏ పాదాన్ని మళ్లీ మళ్లీ అందుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. కాబట్టి వినేవాడి పారవశ్యం పాట ముగిశాక మిగిలే ఫలితం మాత్రమే కాదు, పాట నడకను మలిచే కారణం కూడా. బయటివాడికి ఆ అనుభవం దక్కకపోవచ్చు గానీ, పాట పొడవులో, పాదాల తిరుగుళ్లలో దాని జాడ దొరుకుతుంది. శాస్త్రానికి అంత చాలని నా వాదం.

దైవానుభూతిని నజరానా లెక్కల్లోకి దించేశారని ఆక్షేపించవచ్చు. కానీ పాట వినడానికి నియమాలు పెట్టింది పరిశోధకులు కాదు. ఆ దర్గాలో సమాధి అయిన సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా మాటలను అమీర్ హసన్ సిజ్జీ కూర్చిన 'ఫవాయిద్ అల్ ఫుఆద్'లో పాడేవాడికి, వినేవాడికి, పాడే విషయానికి, వాద్యానికి విడివిడిగా షరతులున్నాయి. 1235లో సూఫీ గురువు కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక పారశీక పద్యం వింటూ ఆ తన్మయత్వంలోనే తనువు చాలించారని ఆయన చెందిన చిష్తీ సూఫీ సంప్రదాయం చెబుతుంది. ఆ కథలోనూ గాయకులు రోజుల తరబడి అదే పద్యాన్ని పాడుతూ ఉండిపోయింది ఆయన కోసమే. అనుభూతికి పరిస్థితులు అవసరమన్నంత మాత్రాన అది బూటకమైపోదు.

రెండో ఆక్షేపణ గట్టిది: వినేవాడే లేనప్పుడు రికార్డింగులో మిగిలేది పొట్టే కదా? 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్ పరిశోధకుల క్షేత్ర రికార్డింగులను భద్రపరుస్తోంది. అలాంటి టేపుకు విలువెంతో అన్నమయ్య రాగిరేకులను చూస్తే తెలుస్తుంది. వాటిలో సాహిత్యం ఉంది, రాగాల పేర్లున్నాయి. పాడిన వరస లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. గాయకుడు ఎక్కడ ఆగాడో, ఎవరి కోసం ఆగాడో రేకులు చెప్పవు. గాయకుడు ఆగిన చోటునైనా టేపు చెబుతుంది. రికార్డింగు విని కంటతడి పెట్టేవాళ్లూ ఉన్నారు కదా అంటే, ఉన్నారు. ఆ తడి అబద్ధం కాదు. అయితే వాళ్ల కోసం ఆ పాదం ఒక్కసారి కూడా అదనంగా తిరగదు.