పసుపు పొట్ట

అమెరికాలో ఉన్న కొడుకు పాముల్ని పెంచుతున్నాడని తెలిశాక మా అక్క నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. నాకు మాత్రం, నవలలు రాసేదాన్ని కదా, కుతూహలమే ఎక్కువ.

అవి పడమటి ఆఫ్రికా పాములు, బాల్ పైథాన్లు. విషం లేదు. బెదిరితే బంతిలా చుట్టుకుంటాయట. ఫోన్లో ఒకదాన్ని చూపించి, "ఇది యెల్లో బెల్లీ చిన్నమ్మా" అన్నాడు. నాకు మామూలు పామే కనిపించింది. పొట్ట అంచున పసుపు కాస్త తేటగా ఉందట! అమ్మినవాడు చెప్పాడు, వాడి కంటికీ తోచింది, అయినా అది రుజువు కాదు. అలాంటిదే మరోదానితో జత కలిపి, గుడ్లు పెట్టాక రెండు నెలలు ఆగి చూడాలి. పిల్లల్లో ఒక్కటి దంతం రంగులో పుట్టినా రుజువైనట్టే. దాన్ని ఐవరీ అంటారు. రెండింటిలోనూ ఆ గుణం ఉంటే ఒక్కో గుడ్డుకు నాలుగో వంతు అవకాశం.

"ఒక్కటీ పుట్టకపోతే?"

"లేదని చెప్పలేం. మళ్లీ చూడాలి."

తమలో ఏముందో తమ పిల్లలు పుట్టి చెప్పాలి! వాడికది సరదా. నాకు మాత్రం ఆదిలాబాద్ గుర్తొచ్చింది.

అక్కడి గోండు, కొలాం కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఆ గుణం అమ్మ నుంచో నాన్న నుంచో, ఒక్కరి నుంచే వస్తే మనిషి మామూలుగానే ఉంటాడు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి అదే కాపాడుతుంది. దాన్ని దోషమని ఎలా అనడం? కానీ దంపతులిద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పుకూ అదే నాలుగో వంతు లెక్క. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి, బిడ్డకు ఒళ్లంతా నొప్పులు. ఒకప్పుడు ఆ బిడ్డ ఏడుపే తల్లిదండ్రుల రక్తానికి రుజువు.

ఇప్పుడు రక్తం చుక్క చాలు. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. పెళ్లికి ముందే ఇద్దరి కార్డులూ చూసుకోమంటున్నారు.

ఉట్నూరు వైపు నుంచి కరీంనగర్ వచ్చి మా పక్కింట్లో పనిచేసే ఆమె మొన్న నన్నడిగింది. "మా బిడ్డ కార్డు పిల్లగానోళ్లకు చూపెట్టాల్నా అమ్మా?"

చూపించమన్నాను. అతని రక్తం బాగుంటే పిల్లలకు ఆ జబ్బు రాదనీ, అందుకే అతని కార్డూ చూడాలనీ చెప్పాను. చదువుకున్నదాన్ని, బాగానే చెప్పాననుకున్నాను.

"మేం అడిగితే, పిల్లల ఏదో లోపముందనే అడుగుతున్నరంటరు. మీరైతే అడుగుతరా?"

జవాబు రాలేదు నాకు. మా అమ్మాయిలో తలసీమియా గుణం ఉందని డాక్టరమ్మ కిందటేడే చెప్పింది. అదీ ఇదే లెక్క. పెళ్లికొడుకుకూ పరీక్ష చేయించమంది. సంబంధం వాళ్లను గోత్రం అడిగాం, జీతం అడిగాం, ఫ్లాటు ఎన్నో అంతస్తో కూడా అడిగాం.

ఆదివారం పెళ్లిచూపులు. ఆ కాగితం ఇంకా బీరువాలో, నా పట్టుచీరల కిందే ఉంది.