చేనంతయు చూచు వైద్యుడు

మా మార్టూరు ప్రాంతమున పత్తి రైతు ఒక మొక్క ఆకు ముడుచుకొన్నచో, ఆ మొక్క దగ్గరనే ఆగడు. సాళ్ల వెంట నడచి చేనంతయు చూచును. రోగిని చూచుట వైద్యము. ఊరంతటిని చూచుట ప్రజారోగ్యము.

ఈ రెండవ చూపు అలవడిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరమున పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, స్ప్రూ అను జీర్ణవ్యాధికి అన్నదమ్ములిద్దరిని కోల్పోయిన ఆ యువకుడు, బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యము అభ్యసించెను. చేతిలో డబ్బు లేదు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగెను. తరువాత ఆయన నాయకత్వముననే స్ప్రూకు ఫోలిక్ ఆమ్లము, బోదకాలునకు డీఈసీ మాత్ర సిద్ధమైనవి.

బోదకాలు ఒక్క రోగితో తీరునది కాదు. మురుగునీట పెరిగిన దోమ, ఒకరి నెత్తుటిలోని పురుగును మరియొకరికి చేర్చును. కనుక కాలు వాచినవారే గాక, ఏ జబ్బును లేదనుకొన్నవారును మాత్ర మింగవలెను. "నాకెందుకమ్మా ఈ మాత్ర?" అని వాకిట నిలిచి అడుగు పెద్దాయనకు ఆశా కార్యకర్త ఓపికతో చెప్పు సమాధానమే ప్రజారోగ్యము. ఊరంతటిని చూచుట అనగా ఇదియే.

నేడు వైద్యవిద్యార్థి యెవరైనను ప్రజారోగ్యపు చదువునకు పోవుదుననినచో, "డాక్టరు చదివి ఊళ్లు తిరుగుటయా?" అని ఇంటివారు నొచ్చుకొందురు. ఆ బిడ్డను ఆపకుడు. మిరపకోతల నాళ్లలో కూలి పోగొట్టుకొని ఆసుపత్రికి రాలేని తల్లులు మన పల్లెల నెందరో కలరు. వారి వద్దకు పోవు వైద్యులు మనకు కావలెను.