ఆశ్చర్యం ఎవరిది?

మా పాప నాలుగేళ్లకే సైకిల్ షాపు బోర్డులు, బస్సుల మీది ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదివేది. దాదీమా ‘మాషా అల్లా’ అంటూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది. అంతవరకూ అది ఇంటి సంబరం.

బళ్లో చేరాక ఓ టీచరు దాన్ని దగ్గరికి పిలిచి, “ఇంత చక్కటి తెలుగు మీకెలా వచ్చింది?” అని అడిగిందట. ‘నీకు’ కాదు, ‘మీకు’. “మీరేగా టీచర్ నేర్పింది” అందట పాప. విని అందరం నవ్వాం. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆశ్చర్యం ఊరికే పుట్టదు. ముందు ఒక అంచనా ఉండాలి. అది తప్పితేనే ఆశ్చర్యం. పిఠాపురంలో ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగులో పద్యాలల్లిన నేల ఇది. ఇప్పటికీ మా పిల్ల నోట తెలుగు వింతేనా? ‘మీవాళ్లలో ఇలాంటి పిల్లలు అరుదు’ అనే మెప్పు మా పాపను భుజానికెత్తుకుంటూనే మా వాడను కింద పడేస్తుంది.

వేలు వాళ్లవైపే చూపిస్తే అన్యాయం. ఓ రోజు పాప, “అల్లాకి మన ఇంటి మాట రాదా? సూరాలు అరబీలోనే ఎందుకు చదవాలి?” అని అడిగింది. ‘బేఅదబీ’ అని కసిరి నోరు మూయించాం. బడిలో చెప్పిన జవాబుకి మురిసిపోయి, ఇంట్లో అడిగిన ప్రశ్నకి ఉలిక్కిపడ్డాం. తెలివంటే మాకు ఇష్టమా, దానికొచ్చే చప్పట్లంటే ఇష్టమా?

దాని అన్నది మామూలు బుర్ర. పదో తరగతి తప్పాడు. చదువు అబ్బలేదులే, మెకానిక్ షెడ్డులో పెడదామనుకున్నాం. పాప అడ్డం తిరిగింది. “లెక్కలు రాకపోతే భయ్యాకి బడి ఉండదా?” అంది.

మా దగ్గర జవాబు లేదు. 2006లో సచార్ కమిటీ చెప్పింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి పాతికమంది బడి గడప తొక్కనివారో, మధ్యలో మానేసినవారో అని. వాళ్లలో ఎందరు చురుకైనవాళ్లో ఎవరికి తెలుసు? ఎవరు అడిగారు గనక? చురుకు లేకపోయినా సరే, బడి వాళ్లది కాకుండా పోతుందా?

పాపని చూసినవాళ్లంతా కలాం అంతటిదవుతుందని దీవిస్తారు. సంతోషమే. కానీ తెలివి అనేది మేం మనుషులమని ఒప్పించుకోవడానికి కట్టే కప్పం కాకూడదు. మా పిల్లలకి గొప్పవాళ్లయ్యే హక్కుతో పాటు, మామూలుగా ఉండి కూడా తలెత్తుకు తిరిగే హక్కు కావాలి.

భయ్యాకి సప్లిమెంటరీ ఫీజు కట్టాం. సాయంత్రాలు పాప వాడి పక్కన కూర్చుని ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటోంది. సూరాల మాట మళ్లీ అడిగితే ఈసారి కసరం. మాకు తెలియదని చెబుతాం.